ఫైలు మీద ఎవరి పేరు?

మాణిక్యాంబకు అనుమానం వచ్చిందంటే ఇక అన్నం సహించదు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో మూడు ఫొటో స్టూడియోలు నడిపిస్తూ, ఎవరినీ పూర్తిగా నమ్మకపోవడమే తన తెలివి అనుకునేది. ఆవిడకో పట్టింపు కూడా ఉంది. కొత్త స్టూడియోకి రిబ్బను కత్తిరించినవారి పేరే అక్కడి కంప్యూటర్లో మొదటి ఖాతాగా పెట్టించాలి. తెనాలిలో అక్కడ పనిచేసే నౌషీన్, రేపల్లెలో అక్కడి పనివాడు రోహిత్, బాపట్లలో స్వయంగా తానే. కంప్యూటర్లని నడిపించే లినక్స్ ఒక్కో ఊళ్లో ఒక్కో రకం ఉన్నా పట్టింపు మాత్రం ఒకటే.

రేపల్లె నుంచి డిస్కులో వచ్చిన పెనుమూడి ఊరివాళ్ల పెళ్లి వీడియోలో, పెళ్లికూతురి నాయనమ్మ దీవించే ముక్క లేదు. ఆవిడ ఈమధ్యే పోయింది. ఆ ముక్క కోసమే ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నారు. తెనాలిలో డిస్కు పెట్టి చూస్తే ఫైలు యజమాని నౌషీన్ అని ఉంది.

"నేను ముట్టుకోలేదండి," అంది నౌషీన్.

"నీ పేరు కనబడుతుంటే ఇంకా బుకాయిస్తావేంటి? రేపట్నించి పనిలోకి రావద్దు."

మాణిక్యాంబ అందరి ముందూ అనేసింది. నౌషీన్ ముఖం పాలిపోయింది. స్టూడియో తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

అంతటితో ఊరుకుంటే ఆవిడ మాణిక్యాంబ ఎందుకవుతుంది! ఈ పిల్ల ఇంకా ఏమేం పాడుచేసిందో తేల్చాలని డిస్కు సంచిలో వేసుకుని బాపట్ల బస్సెక్కింది. అక్కడి స్టూడియో చూసుకునే కీర్తన డిస్కు తగిలించి, అదే ఫైలు చూసి నీళ్లు నమిలింది.

"ఏంటమ్మా? ఎవరి పేరుంది?"

"మీదేనండి."

మాణిక్యాంబ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. తన పేరే. జన్మలో మౌసు పట్టిన మనిషి కాదు.

"డిస్కు మీద పేరుండదు పిన్నిగారూ, నంబరే ఉంటుంది," అంది కీర్తన. "మన మూడు చోట్లా మొదటి ఖాతాకి ఒకటే నంబరు. ఏ ఊళ్లో పెడితే ఆ ఊరి మొదటి పేరు చూపిస్తుంది. ఫైలు తయారైంది మాత్రం రేపల్లెలో కదండీ."

రోహిత్‌కి ఫోను చేస్తే, వీడియో మరీ పొడుగైందని తనే కత్తిరించానన్నాడు. అసలుది భద్రంగానే ఉందట.

మాణిక్యాంబకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. నౌషీన్‌కి ఫోను కలిపింది కానీ, తప్పయిందనే మాట గొంతు దాటలేదు.

"నౌషీన్, ఆ ఫైలు మీద ఇక్కడ నా పేరు చూపిస్తోందే!"

"మరి మీరు కత్తిరించారా అండి?"

"అయ్యో, నేను ముట్టుకోనే లేదమ్మా!"



"నేనూ అదే చెప్పానండి," అంది నౌషీన్. "అందరి ముందూ."