కృష్ణమ్మ గొంతున్న పెట్టె

గుండయ్య పొద్దున్నే లేచి చేసే మొదటి పని గోడకున్న స్విచ్ వేయడం. గౌలిపురలో పిండిగిర్ని పక్క సందులో వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో బల్ల మీద ఒక కర్రపెట్టె ఉంటుంది. దాంట్లో ట్యూబుల ఆంప్లిఫయరు, పైన రికార్డులు తిరిగే పళ్ళెం, ముందు గుడ్డ బిగించిన స్పీకరు. గుండయ్య భార్య కృష్ణమ్మ తండ్రి ఉద్యోగంలో ఉన్న రోజుల్లో కొన్నది. ఇప్పుడు అందులో పాటల కన్నా కృష్ణమ్మ మాటలే ఎక్కువ.

ఆమె గొంతులో పుండు లేస్తే ఆసుపత్రిలో గొంతే తీసేశారు. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు గుండయ్య ఏదో పాత రికార్డు విందామని పెట్టె పెడితే, పాటకు బదులు "పొయ్యి మీద పాలు పొంగుతున్నయ్" అని కృష్ణమ్మ గొంతు వచ్చింది. వెళ్ళి చూస్తే నిజంగానే పొంగుతున్నాయి. అప్పట్నుంచి ఆమె పెదాలు కదిపితే మాట పెట్టెలోంచి వస్తోంది. ఎదురింటి ఖైసర్ బేగం చూడ్డానికి వచ్చి, ఎటూ పోకుండా గొంతు ఇంట్లోనే ఉంది కదా అని సంతోషపడి, కరెంటు బిల్లు ఎక్కువొస్తుందేమోనని మాత్రం అడిగి వెళ్ళింది.

ఇబ్బంది ఒక్కటే. ట్యూబులు వేడెక్కి ఎర్రబడితేగాని మాట రాదు. గుండయ్యేమో మాదన్నపేట మండీలో కూరగాయల వేలం వేసే మనిషి. అక్కడ నోట్లోంచి మాట ఊడిపడాలి, లేకపోతే టమాటా గంప కొనేవాడు పక్కవాడి దగ్గరికి పోతాడు. అటువంటివాడికి ఓపిక ఎక్కడిది? స్విచ్ వేసి, చెప్పులు తొడుక్కుంటూ "ఏమన్న తేవాల్నా" అని అడిగి, జవాబు వచ్చేలోపే సందు మలుపు తిరిగేవాడు. "పచ్చిమిరపకాయలు తే" అని పెట్టె ఖాళీ గదికి చెప్పేది. నిజం చెప్పాలంటే ఆమె గొంతు బాగున్న రోజుల్లోనూ సంగతి ఇంతే.

పైగా పెట్టె ముసలిదైంది. సాయంత్రం వోల్టేజీ పడిపోతే కృష్ణమ్మ మాట బావిలోంచి వచ్చినట్టు వచ్చేది. కూతురు భాగ్యశ్రీకి చాలా ఏళ్ళకు కొడుకు పుట్టాడు. చాంద్రాయణగుట్ట నుంచి చుట్టాలందరూ వస్తారు, పిల్లవాణ్ణి ఊయల్లో వేసే తొట్టెల వేడుక ఇక్కడే. అమ్మమ్మ లాలి పాడాలి. ఆ గుసగుస గొంతుతో పాడితే ముందు వరసలో కూర్చున్నవాళ్ళకు కూడా వినబడదని గుండయ్యకు బెంగ పట్టుకుంది.

సంతోష్‌నగర్‌లో పాత రేడియోలు బాగుచేసే నసీరుద్దీన్‌ను ఇంటికి పిలుచుకొచ్చాడు. నసీరుద్దీన్ వెనక చెక్క విప్పి, మూలన ఉన్న ట్యూబును వేలితో చూపించాడు.

"ఇదే అసలు ముచ్చట భాయ్. ఇంట్ల కరెంటు ముందుకు పోతది, ఎనక్కి వస్తది. ఇది ఒక్క దిక్కుకే పోనిస్తది, ఎనక్కి రానియ్యది. దీనికి తాకత్ తగ్గింది."

దాని స్థానంలో పెద్దది పెడితే గొంతు పెద్దదవుతుందట. కానీ అది కరెంటు మస్తుగా గుంజుతుంది, అడుగునున్న ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు. ముందు కొత్త ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించాలి, అంతదాకా పెద్ద ట్యూబు ముచ్చటే వద్దన్నాడు. తీగ చుట్టేవాడికి జ్వరం, సోమవారం ఇస్తాడు ఇన్షాల్లా అన్నాడు. ఆ సోమవారం పోయి ఇంకో సోమవారం వచ్చింది, అదీ పోయింది.

కృష్ణమ్మ ఇదంతా చూస్తూ ఉల్లిగడ్డలు కోస్తోంది. పెట్టె మెల్లగా అంది: "నాకు గింత సాలు. పక్కకొచ్చి కూసుంటె ఇనవడ్తది."

గుండయ్య అప్పటికే బయట చెప్పులు వెతుక్కుంటున్నాడు. భార్య మీద ఆయనకు ప్రేమ లేదని ఎవరూ అనలేరు. వినే అలవాటే లేదు. తొట్టెలకు ముందు గురువారం జుమ్మేరాత్ బజార్‌కు వెళ్ళి, పాత సామాన్ల కుప్పలో పెద్ద సీసా అంత ట్యూబు పట్టుకొచ్చాడు. దాని కాళ్ళు పాతదాని కాళ్ళలాగే ఉన్నాయి, గుంటల్లో సరిగ్గా దిగాయి. దిగింది కదా, ఇంకేం కావాలి అనుకున్నాడు.

తొట్టెల రోజు మధ్యాహ్నం గది నిండా జనం. తొట్టె అవతల కృష్ణమ్మ తాడు పట్టుకుని కూర్చుంది, ఇవతల స్విచ్ పక్కన గుండయ్య నిలబడ్డాడు. ట్యూబు ఎర్రబడింది. కృష్ణమ్మ పెదాలు కదిపింది. పెళ్ళైన కొత్తలో ఉన్న గొంతు వచ్చింది, నిండుగా, ఎక్కడా తడబడకుండా. భాగ్యశ్రీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఖైసర్ బేగం తన కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది. పిండిగిర్ని దగ్గర క్యూలో ఉన్నవాళ్ళు కూడా తల తిప్పారు. గుండయ్య గడపలోకి తొంగి చూస్తున్న ప్రతివాడికీ, మా ఇంటామెదే గొంతు అని సైగ చేశాడు. అంత సంతోషం ఆయన ముఖంలో ఎవరూ చూసి ఉండరు.

రెండో చరణం మధ్యలో పాట ఆగి, పెట్టెలోంచి మాట వచ్చింది.

"ఏందో మాడుతుంది. బంద్ చెయ్యి."

గదంతా నవ్వింది. ఈమె బతుకంతా పొయ్యి మీదే ధ్యాస అని ఎవరో అన్నారు. చుట్టాల కోడలొకామె వంటింట్లోకి పరుగెత్తి, అన్నం బాగానే ఉందని చెప్పింది. కృష్ణమ్మ లేవబోతే పక్కనున్న ఆడవాళ్ళు భుజం పట్టి కూర్చోబెట్టారు. ఆమె జనం తలల మీదుగా గుండయ్య వైపే చూసింది.

"నీకు దండం పెడ్త. బంద్ చెయ్యి."

ఈసారి ఆ మాట సందు చివరిదాకా వినబడింది. స్విచ్ ఆయన భుజం పక్కనే ఉంది.

"జర ఆగు," అన్నాడు గుండయ్య. "పాట అయిపోనియ్యి."

తారు కాలిన వాసన వచ్చింది. పెట్టె వెనక నుంచి నల్లటి పొగ లేచింది. గొంతు కిందికి, ఇంకా కిందికి జారిపోయి ఆగింది. కృష్ణమ్మ పెదాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి. తొట్టెలో పిల్లవాడు నిద్రపోయాడు.

తర్వాత నసీరుద్దీన్ కొత్త ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి, పాత ట్యూబే మళ్ళీ పెట్టాడు. చెప్పిన సోమవారమే తెచ్చి ఉంటే ఇట్లా అయ్యేది కాదని తనే అనుకుని చాలాసేపు తల పట్టుకున్నాడు. రికార్డు పెడితే పాట శుభ్రంగా వచ్చింది. కృష్ణమ్మ పెదాలు కదిపితే ఏమీ రాలేదు. నసీరుద్దీన్ సామాను సర్దుకుని చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు మండీలో గుండయ్య వేలం మొదలుపెడదామని నోరు తెరిస్తే మాట రాలేదు. పక్కవాడు గంప అమ్మేసి, కొన్నవాడు ఆటో ఎక్కాక వచ్చింది, "ఎవరన్న ఉన్నరా" అని. అప్పట్నుంచి ఆయన ప్రతి మాటా అంతే. లోపల ఏదో వేడెక్కాలి, అప్పటికి ఎదుటి మనిషి ఉండడు. మండీలో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. వేలానికి ఆయన బదులు పెంటయ్యను నిలబెట్టి, గుండయ్యకు గంపలు మోసే పని ఇచ్చారు. బాగున్నవా అన్నా అని అడిగినవాళ్ళు అడిగి వెళ్ళిపోతారు, బాగున్న అని ఆయన ఖాళీ సందుకు చెబుతాడు.

ఒక సాయంత్రం పని నుంచి వచ్చి, మొదటిసారిగా కృష్ణమ్మ పక్కన చాప మీద కూర్చున్నాడు. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పెట్టె మీద గుడ్డ కప్పి ఉంది. తొట్టెల నాటి మాటొకటి ఆయన లోపల అప్పటికి వేడెక్కింది. చెయ్యి దానంతటదే లేచి గోడ మీద స్విచ్ వైపు పోయింది.

"చేస్తున్న," అన్నాడు గుండయ్య. "బంద్ చేస్తున్న."

కృష్ణమ్మ ఒలిచే చెయ్యి ఆపి, ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగింది. తర్వాత ఆయన వైపు తిరిగి ఏదో చెప్పింది. కాస్త పెద్ద మాటే, పెదాలు చాలాసేపు కదిలాయి.

గుండయ్య చెవి ఆమె నోటి దగ్గర పెట్టి విన్నాడు. ఏమీ వినబడలేదు.