అత్త కూర్చున్న వైపు

మా చెల్లెలు లిజిబా కళ్ళకు గుడ్డ కట్టుకుని పడవ అడుగున వెల్లకిలా పడుకుంది. వీపుతో అలల్ని చదువుతోంది. మాజురో నుంచి ఔర్ దీవికి సొంతంగా దారి పట్టడం తనకిదే మొదలు. ఈపాటికి ఔర్ కొబ్బరిచెట్ల తలలు కనబడాలి. ఎటు చూసినా నీళ్ళే.

వెనకాల దూరంగా మోటారు బోటు వస్తోంది. మేం ఎర్రగుడ్డ ఊపితే వచ్చి దారి చూపిస్తుంది. ఊపితే మాత్రం చెల్లెలికి నావికురాలన్న పేరు దక్కదు. విద్య నేర్పిన జెల్టన్ మావయ్య చుక్కాని దగ్గర బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. పరీక్షలో గురువు నోరు విప్పకూడదు. దీవులూ అలలూ గుర్తుపెట్టిన పుల్లల పటం ఇంట్లోనే ఉంది. దాన్ని పడవెక్కించడం మాలో లేదు.

"తూర్పు అల తెలుస్తోందక్కా. దీవిని చుట్టి ఎదురొచ్చే చిన్న అలే అందట్లేదు. రెండూ ముడిపడే చోటు దొరికితే ఆ గీత పట్టుకుని పోవడమే."

చిప్పతో నీళ్ళు తోడుతూ, "ఎర్రగుడ్డ తీయనా?" అన్నాను.

"నోర్ముయ్. తోడు."

పడవ ఒరగకుండా పక్కన కట్టిన కొయ్య వైపు, కూర్చోడానికి పరిచిన తడికంతా నెయ్‌మోక్ అత్తదే. పక్కన పెళ్ళికి తీసుకెళ్తున్న పంది, పులిసిన సీమపనస ముద్దల మూటలు. ఎక్కగానే "ఇక్కడ గాలి బాగుంది" అని చతికిలబడింది. పెద్దావిడని కదలమనడానికి మాలో ఎవరికీ నోరు రాదు.

చెల్లెలు కళ్ళకున్న గుడ్డ లాగేసి లేచింది.

"అత్తా, పందినీ మూటల్నీ తీసుకుని నడిమికి రా. నీ బరువుకి పడవ ఆ పక్కకి బిగుసుకుపోయింది. చిన్న అలకి ఊగట్లేదు."

"ఏమే! నీ ముడ్డి కడిగిన చేతులివి. నన్నే లెమ్మంటావా?"

"ఒడ్డు మీదైతే నీ కాళ్ళు పడతాను. ఇక్కడ లెమ్మంటున్నాను."

అత్త మావయ్య వైపు చూసింది. మావయ్య తెరచాప వైపు చూశాడు.

"దొరికాడమ్మా మొగుడు!" అని గొణుక్కుంటూ అత్త నడిమికి పాకింది. ఈడుస్తున్నంతసేపూ పంది అరుస్తూనే ఉంది.

చెల్లెలు మళ్ళీ పడుకుంది. పడవ తేలిగ్గా ఊగసాగింది. నేను తోడడం ఆపేశాను. అత్త పంది మూతి నొక్కి పట్టుకుంది.

"తడుతోంది," అంది చెల్లెలు చాలాసేపటికి. "చిన్నగా, ఎడమ భుజం కింద. మావయ్యా, ఉత్తరానికి ఇంకాస్త తిప్పు."

మావయ్య తెడ్డు తిప్పాడు.

పొద్దు వాలుతుండగా నీళ్ళ అంచున గడ్డిపరకల్లా ఏవో లేచాయి. ముందు చూసింది అత్తే. "ఔర్! మా పిల్ల పట్టేసిందిరోయ్!" అని వెనక బోటుకి వినబడేలా కేకేసింది.

మావయ్య చుక్కాని తెడ్డు వదిలి పక్కకు జరిగాడు. "పగడపు గట్టు సందులోంచి లోపలికి నువ్వే తీసుకెళ్ళు," అన్నాడు.

చెల్లెలు తెడ్డు అందుకుంది.