ఇరవై ఐదు అంగుళాల గుమ్మం

"పోనీలే" అన్నాడు ఆయన, బాత్రూము గుమ్మం ముందు చక్రాల కుర్చీ ఆపుకుని. "ఎలాగూ ఎవరో ఒకరు ఎత్తుకుంటారుగా."

ఆ మాటతో ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. కడుతున్న ఇల్లు మొగుడికి చూపిద్దామని పొద్దున్నే కుట్టు మిషను మీద గుడ్డ కప్పేసి, ఆటో మాట్లాడుకుని తీసుకొచ్చిందామె. స్కూలు యూనిఫారాల తొందరలో పడి తొమ్మిది రోజులుగా ఇటు రాలేదు. తొమ్మిది రోజుల్లో ఇంత నిర్వాకమా!

మెడలోని టేపు తీసి గుమ్మం కొలిచింది. లోపలి వెడల్పు ఇరవై ఐదు అంగుళాలు. కుర్చీ వెడల్పు ఇరవై ఆరు. నమ్మలేక పైన, మధ్యలో, కింద మళ్లీ కొలిచింది. మూడుచోట్లా ఇరవై ఐదే. అది చాలదన్నట్టు గుమ్మం కింద అరడుగు ఎత్తున ఒక మెట్టు, దానికి నున్నగా సిమెంటు పూత. ముప్పై ఏళ్లుగా దర్జీ పని చేస్తోందామె. చొక్కా అంగుళం బిగుతైతే కుట్టు విప్పి, లోపల మడిచిన గుడ్డ వదలొచ్చు. గోడ లోపల ఎవరు మడిచి పెడతారు?

"మేస్త్రీ!" అని ఆవిడ పెట్టిన కేకకు పక్క స్థలంలో ఇటుకలు దించుతున్నవాళ్లు కూడా పని ఆపి చూశారు.

అసలు ఈ ఇల్లు మొదలుపెట్టిందే ఆ ఒక్క తలుపు కోసం. ఆవిడ మొగుడు బస్సు డ్రైవరు. మూడేళ్ల కిందట బస్సు బోల్తా పడి నడుం విరిగింది. కాళ్లు ఇక రావని డాక్టర్లు నీళ్లు నమలకుండా చెప్పేశారు. అద్దె ఇంట్లో బాత్రూముకి వెళ్లాలంటే ఒకరు చంకల కింద పట్టుకోవాలి, ఇంకొకరు కాళ్లు పట్టుకోవాలి. అంతమంది ఆ ఇరుకులో పట్టరు కాబట్టి తలుపు తెరిచే ఉంచాలి. యాభైమందిని వెనకాల కూర్చోబెట్టుకుని బస్సు నడిపిన మనిషి, ఎవరి చేతులు ఎప్పుడు ఖాళీ అవుతాయా అని ఎదురుచూస్తూ కూర్చోవలసి వచ్చింది.

అందుకే ఇంజనీరుతో ప్లాను గీయిద్దామని ఆవిడ అంది. బావగారు పెదవి విరిచాడు. ఆయన డ్రైవరుకు స్వయానా అన్నయ్య. చాటుగా వీధంతా సలహాలరావు అంటారు. జ్వరానికి మందు దగ్గర్నుంచి జామచెట్టుకు ఎరువు దాకా ఆయనకు తెలియని సంగతి లేదు. "ఇంజనీరెందుకమ్మా? మన మేస్త్రీ నలభై ఇళ్లు కట్టాడు. ఒక్కటైనా కూలిందా?" అన్నాడు. కూలకపోతే చాలా, ఇల్లన్నాక? అందులో మనిషి మసలక్కర్లేదూ? ఆవిడ ఆ సలహా చెవిన పెట్టలేదు.

ఇంజనీరమ్మ తనలాగే చేత టేపు పట్టుకుని రావడం దర్జీకి మొదటి చూపులోనే నచ్చింది. వచ్చీ రాగానే డ్రైవరును కుర్చీలో ఒకసారి గుండ్రంగా తిరగమని, ఆ చక్రాల వెంబడే నేల మీద సుద్దతో గీత గీసింది. తర్వాత ఆయనకెదురుగా కూర్చుంది.

"రోజు మొత్తంలో ఎవర్నీ పిలవకుండా మీ అంతట మీరు చేసుకోవాలనిపించే పని ఏదండీ?"

మూడేళ్లలో అలా అడిగినవాళ్లు లేరు. కట్టుకున్న పెళ్లాం కూడా అడగలేదు, ఆ సిగ్గు ఆవిడకు ఇప్పటికీ ఉంది. ఆయన చక్రానికి అంటిన సుద్దను వేలితో తుడిచాడు.

"తలుపు వేసుకోవడం" అన్నాడు చివరికి.

ఇంజనీరమ్మ ఆ రెండు మాటలూ కాగితం అంచున రాసుకుంది. అందరూ హాలుతో మొదలుపెడితే ఆమె బాత్రూముతో మొదలుపెట్టి ఇల్లు గీసింది. గుమ్మం లోపలి వెడల్పు ముప్పై ఆరు అంగుళాలు. గడప లేదు, మెట్టు లేదు.

"ఆ ప్లాను ఏదీ?" అని ఇప్పుడు నిలదీసింది ఆవిడ.

మేస్త్రీ తల గోక్కుంటూ తన టిఫిను డబ్బా పైకెత్తాడు. ప్లాను దాని కింద పరిచి ఉంది. సరిగ్గా బాత్రూము మీద గుండ్రంగా నూనె మరక.

"ప్లాను ఆఫీసువాళ్లకి చూపించడానికమ్మా" అన్నాడు, లోకంలో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. "ఏ ఇంటికైనా అంతే. కాగితం దారి కాగితానిది, పని దారి పనిది. మెట్టు లేకపోతే నీళ్లు హాల్లోకొచ్చేస్తాయి. పెద్దాయన కూడా ఊ అన్నారు. ఆ గుమ్మం ఆయన తెచ్చిందే."

ఆవిడ కేక విని బావగారు పక్కవీధి నుంచి అప్పటికే వచ్చేశాడు. "గట్టి చెక్కమ్మా, వందేళ్లుంటుంది" అంటూ గుమ్మాన్ని అరచేత్తో చరిచాడు.

"మీ తమ్ముడు పట్టడు బావగారూ అందులో!"

"ఇప్పుడు పట్టడు. రేపు లేచి నడుస్తాడు కదా." ఆయన గొంతు తగ్గింది. "కుర్చీ కొలతలు చూసి ఇల్లు కడితే, వాడికి కుర్చీయే ఖాయమని మనమే రాసిచ్చినట్టు కాదూ? నా చేత్తో నేను ఆ పని చెయ్యలేనమ్మా."

ఆ మాటలో ప్రేమ లేకపోలేదు. కానీ ఈయనగారి ఆశ పదిలంగా ఉండటానికి ఆ మనిషి రోజూ నలుగురి ముందు బట్టలు విప్పుకోవాలా?

"అన్నయ్యా," అన్నాడు డ్రైవరు, ఇంతసేపూ నేలచూపులు చూస్తున్నవాడు. "నేను నిజంగా లేచి నడిస్తే, గుమ్మం మరీ వెడల్పుగా ఉందని ఏడుస్తానా?"

అన్నయ్య గుమ్మం మీంచి చెయ్యి తీసేశాడు.

"ఒక్కసారి ఆ కుర్చీ ఇవ్వండి" అంది ఆవిడ మొగుడితో. ఆయన చేతుల బలంతో పక్కనున్న చెక్కబల్ల మీదికి జరిగాడు. "కూర్చోండి బావగారూ. లోపలికి వెళ్లి తలుపు వేసుకోండి. అంతే, ఇంకేం అడగను."

కాదంటే నామోషీ. సలహాలరావు కూర్చున్నాడు, చక్రాలు తిప్పాడు. చక్రం మెట్టుకు కొట్టుకుని ఆగింది. వెనక్కి వచ్చి ఊపుతో మళ్లీ వెళ్లాడు. ఈసారి వేళ్లు గుమ్మానికి గీరుకుని చర్మం లేచింది. "అబ్బా!" అంటూ చెయ్యి విదిలించుకుని, దిగ్గున లేచి నిలబడ్డాడు.

"చూశారా," అంది ఆవిడ. "మీరు లేచారు."

ఆయన కిందికి, తన కాళ్లకేసి చూసుకున్నాడు. తర్వాత బల్ల మీద కూర్చున్న తమ్ముడి కాళ్లకేసి చూశాడు. మూడేళ్లలో ఆయన అటు నేరుగా చూడటం అదే మొదటిసారి. కళ్లు తుడుచుకుని, "మేస్త్రీ, సమ్మెట తీసుకురా" అన్నాడు.

"ఆగండి" అంది ఆవిడ. "ఈసారి అడిగే కొడదాం."

ఫోను చేస్తే గంటలో ఇంజనీరమ్మ వచ్చింది. నూనె మరక చూసి ఆమెకూ మొహం ఎర్రబడింది. "నేను గీసింది గోడకు తగిలించుకునే బొమ్మ కాదండీ" అంది మేస్త్రీతో. గోడ తట్టి, పైన స్లాబు బరువు దాని మీద లేదని చూపించి, ఎంతవరకు పగలగొట్టాలో సుద్దతో గీసింది. నేల ఏ మూలకు వాలాలో, గుమ్మం ముందు నీళ్లు దిగే జాలీ ఎక్కడ పెట్టాలో మేస్త్రీ పక్కనే కూర్చుని విడమరిచింది. టేపు రెండో కొస సలహాలరావు పట్టుకున్నాడు. ఒక్క సలహా ఇవ్వలేదు.

పని పూర్తయ్యాక మేస్త్రీ తనే బకెట్టెడు నీళ్లు కుమ్మరించాడు. హాల్లోకి చుక్క రాలేదు. "నలభై ఇళ్లలో మెట్లు కట్టాను" అని గొణుక్కున్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

ఇంట్లో చేరిన రోజు డ్రైవరు తనంతట తనే కుర్చీ తోసుకుంటూ బాత్రూములోకి వెళ్లాడు. లోపల గడియ పడింది. ఆ చప్పుడుకు దర్జీ చేతిలో సూది ఆగింది.

అన్నయ్య ఉండబట్టలేక తలుపు దగ్గరికి వెళ్లాడు. "ఏరా, ఏమైనా కావాలా?"

"ఏమీ వద్దన్నయ్యా" అంది లోపలి గొంతు. "నువ్వు వెళ్లు. నేను ఇంకాసేపు ఉంటాను."