రెండు రోజులు ఇంట్లో ఉంచిన బూట్లు

శ్రీహరిరావు గారికి ముప్పై రెండేళ్లుగా ఒక నమ్మకం ఉంది. కొత్త బూట్లు కొన్న రోజే తొడుక్కోకూడదు. రెండు రోజులు ఇంట్లో ఉంచితే అవే కాలికి కుదురుకుంటాయి.

ఇది ఆయన భార్య కమలకుమారి చెప్పిన మాట. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన ఆయన, ఒక శాసనం తేదీ ఏడాది అటూ ఇటూ అయితే భోజనం సహించని మనిషి, ఈ మాటని మాత్రం ఎన్నడూ ప్రశ్నించలేదు. ప్రశ్నించే అవసరం రాలేదు మరి. దుకాణంలో లొడలొడలాడిన తొమ్మిదో నంబరు బూట్లు మలక్‌పేట ఇంట్లో కుట్టు మిషను కింద రెండు రోజులు పడుండేవి. మూడో రోజు పొద్దున కాలు పెడితే కొలిచి చేసినట్టు పట్టేవి. "చెప్పానా?" అనేది కమల. "చెప్పావు," అనేవారాయన.

కమల పోయి ఏడాదిన్నర అయింది. ఆమె ఉండగా కొన్న చివరి జత అడుగులు అరిగి, వానాకాలంలో నీళ్లు లోపలికి రావడం మొదలయ్యాక, ఆయన మొదటిసారి ఒంటరిగా బూట్ల దుకాణానికి వెళ్లారు. ఎప్పటిలా తొమ్మిదో నంబరే తెచ్చుకున్నారు. ఎప్పటిలా మిషను కింద పెట్టారు. మూడో రోజు తొడిగితే వదులు. సరే, వానాకాలం కదా అని వారం ఉంచారు. పద్నాలుగు రోజులు ఉంచారు. మిషనుకు ఎడమవైపు పెట్టేదా, కుడివైపు పెట్టేదా అని కూడా కాసేపు ఆలోచించి, తన ఆలోచనకి తానే సిగ్గుపడ్డారు.

ఆ బూట్లతో నడిస్తే మడమల మీద బొబ్బలు లేచాయి. విసిగిపోయి ఎనిమిదో నంబరు కొంటే చిటికెన వేలు నలిగి ఎర్రబడింది. దాంతో ఆయన ఒక నిర్ణయానికి వచ్చేశారు. బూట్ల తప్పు కాదు, కాళ్లే ముసలివైపోయాయి.

కాళ్లు ముసలివైతే ఆయనకి పోయేది ఒక్కటే. ఆదివారం నడక.

ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున ఆరున్నరకి అఫ్జల్‌గంజ్ లైబ్రరీ మెట్ల దగ్గర ఇరవై మందో పాతిక మందో పోగయ్యేవారు. పాత విద్యార్థులు, వాళ్ల స్నేహితులు, పేపర్లో చదివి వచ్చినవాళ్లు. శ్రీహరిరావు గారు ముందు నడుస్తూ నయాపూల్ దాటించి, పత్తర్‌గట్టీ మీదుగా చార్మినార్ దాకా తీసుకెళ్లి, లాడ్‌బజార్ గాజుల దుకాణాలు ఇంకా తెరవని ఆ వేళలో గల్లీల కథలు చెప్పేవారు. కమల చివర నడిచేది. వెనకబడ్డవాళ్లని కలుపుకుని రావడం ఆమె పని. పదకొండేళ్లు అలా నడిచారు ఇద్దరూ, ఆయన మొదటా ఆమె చివరా, మధ్యలో జనం. ఆమె పోయాక కూడా ఆయన దాన్ని ఆపలేదు. ఆ రెండు గంటలు మాత్రం ఆమె వెనక వస్తూనే ఉందని అనుకోవడం తేలికగా ఉండేది.

పోయిన నెల నడక మాత్రం నయాపూల్ మీదే ఆగిపోయింది. "ఇవాళ్టికి మూసీ కథ చాలు," అని ఆయన అందర్నీ పంపించేశారు. మడమల్లో మంట భరించలేక. వచ్చే నెల కూడా ఇలాగే అయితే ఇక మానేయాలని ఇంటికి వస్తూ ఆటోలో అనుకున్నారు.

మర్నాడు పొద్దున రామ్‌చందర్ పాల క్యానుతో వచ్చాడు. మలక్‌పేటలో అతనికి పన్నెండు బర్రెల డెయిరీ. ఇరవై ఏళ్లుగా పాలు పోస్తున్నాడు. ఒకసారి కమల రమ్మంటే ఆదివారం నడకకి వచ్చి, ఆపైన మానలేదు. ఆమె తరవాత చివర నడిచే పని ఎవరూ చెప్పకుండానే తీసుకున్నాడు.

"ఏంది సార్, నిన్న గట్ల నడిమిట్లనే ఆపేసిన్రు?" అన్నాడు గిన్నెలో పాలు పోస్తూ.

"ఒంట్లో కొంచెం..."

"ఒంట్ల కాదు సార్, కాళ్లల్ల. నేను ఎనక నడుస్త గద, అందరి కాళ్లు నాకు కనవడ్తయ్. మీరు అడుగేసినప్పుడల్ల మడిమె షూలకెల్లి బైటికొస్తది, మల్ల లోపలికి పోతది. బర్రె నడక జూసి ఏ కాలు నొప్పో చెప్తా నేను."

"నన్ను బర్రెతో పోలుస్తున్నారా రామ్‌చందర్ గారూ?"

"మా బర్రెలను జూసినంత మంచిగ నేను ఎవ్వరిని జూడ సార్. ఇజ్జత్ ఇచ్చిన్ననుకోండ్రి." క్యాను మూత పెడుతూ అన్నాడు. "ఫికర్ చెయ్యకుండ్రి. అఫ్జల్‌గంజ్ ఎనక గల్లీల వాహెద్ భాయ్ అని షూలు కుడ్తడు. మా నాయిన చెప్పులు వాళ్ల అబ్బా కుట్టిండు. సాయంత్రం పోదాం."

"పొద్దునే వెళ్లిపోదాం, ఎండ ఉండదు."

"ఉహూ. పొద్దుగాల పోతే కాలు ముట్టనే ముట్టడు ఆయన. దినమంత తిరిగినంక కాళ్లు జెర ఉబ్బుతయట, అప్పుడే కొలవాల్నట. ఆ, ఇంట్ల ఉన్న షూలన్ని పట్టుకోండ్రి. పాతయి గూడ."

సాయంత్రం అయిదున్నరకి మూడు జతలు సంచిలో వేసుకుని ఇద్దరూ రామ్‌చందర్ స్కూటర్ మీద వెళ్లారు. వాహెద్ భాయ్ దుకాణం ముగ్గురు కూర్చుంటే నిండిపోయేంత. గోడ నిండా చెక్కతో చేసిన పాదాలు, జతలు జతలుగా వేలాడుతున్నాయి. వాటి మీదే తోలు బిగించి కుడతారు. ఫర్మాలంటారు వాటిని. వాహెద్ భాయ్‌కి అరవై దాటి ఉంటాయి. కళ్లద్దాలకి నల్లదారం కట్టి మెడలో వేసుకున్నాడు. బూట్ల వంక చూడనైనా చూడలేదు.

"సాబ్, ఆ కరెంటు స్తంభం దాంక నడిచి రాండ్రి. ఉత్త కాళ్లతోని."

నడిచి వచ్చారు. వాహెద్ భాయ్ నేల మీద గోధుమరంగు కాగితం పరిచాడు. శ్రీహరిరావు గారు స్టూలు మీద కూర్చుని కాలు చాపబోయారు.

"నై నై, కూసొని కాదు. నిలవడుండ్రి. రెండు కాళ్ల మీద బరాబర్ బరువెయ్యుండ్రి. కూసున్న కాలు అబద్ధం చెప్తది సాబ్."

పెన్సిలు నిలువుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీశాడు. చక్కిలిగింత పుట్టింది. అరవై ఆరేళ్ల మనిషి పెదవి కొరుక్కుని నిలబడ్డారు. రెండో కాలు కూడా గీశాక, వేళ్ల మొదట్లో వెడల్పైన చోట టేపు చుట్టి చూసి వాహెద్ భాయ్ తల ఊపాడు.

"పొడుగు ఏడు. వెడల్పేమో తొమ్మిదోళ్లకు ఉండేటంత. ఎడమ కాలు ఇంకో రవ్వంత ఎక్కువ. అందరికి ఒక కాలు ఎక్కువనే ఉంటది, దానికే చెయ్యాలె."

"ఏడా? నేను ముప్పై ఏళ్లుగా తొమ్మిదో నంబరండీ."

"షూల నంబరు పొడుగు చెప్తది సాబ్, వెడల్పు చెప్పది. దుకాన్ల పక్కలకు పట్టకుంటే పెద్ద నంబరిస్తరు. పక్కలు సరిపోతయ్, ముంగట రెండు వేళ్లంత జాగ మిగుల్తది. మడిమె జార్తది. చిన్నది ఏస్తే చిటికెనేలు సస్తది. నంబర్‌ది కాదు మీ లొల్లి, వెడల్పుది."

శ్రీహరిరావు గారికి ఇది నచ్చలేదు. "అదెలా అవుతుందండీ? ఇన్నేళ్లూ తొమ్మిది బాగానే పట్టేది. కొన్న రోజు వదులుగా ఉండేది, నిజమే. రెండు రోజులు ఇంట్లో ఉంచితే కుదిరేది."

వాహెద్ భాయ్ రామ్‌చందర్ మొహం చూశాడు. రామ్‌చందర్ శ్రీహరిరావు గారి మొహం చూశాడు.

"ఇంట్ల ఉంచితేనా?"

"అవును. మిషను కింద."

"గవేమన్న మామిడికాయ తొక్కా సార్, జాడీల పెడ్తే ఊరనీకి?" అని రామ్‌చందర్ ఆపుకోలేక నవ్వాడు. నవ్వి, సార్ మొహం చూసి ఆపేశాడు.

వాహెద్ భాయ్ నవ్వలేదు. సంచిలోంచి పాత జత, కమల ఉండగా కొన్నది, తీశాడు. లోపలికి చెయ్యి పోనిచ్చి, వేళ్లతో ఏదో తడిమి, పట్టకారు అందుకున్నాడు. మెల్లిగా లాగాడు. నెలవంక ఆకారంలో ఒక చిన్న మెత్త బయటికొచ్చింది. బూటు లోపలి రంగుకి కలిసిపోయి, వేళ్ల ముందు ఖాళీలో సరిగ్గా ఒదిగే మెత్త. ఒకవైపు అంచు దగ్గర రంగు ఇంకా పోలేదు. ముదురాకుపచ్చ బట్ట, సన్నటి ఆవపువ్వు రంగు గీత.

"మడిమె కాడ గూడ ఉంది," అంటూ లోపలి అట్ట ఎత్తి, పలచటి ఇంకో పొర తీశాడు. వెలుతురులోకి పట్టి చూశాడు. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడి మొహంలా వెలిగింది ఆయన మొహం. "మాషా అల్లా, పని జూడుండ్రి! కుట్టు కాలికి తగలకుండ లోపల్కి మలిపిన్రు. ఇది కుట్టిన కారీగర్ ఎవరు సాబ్?"

ఆ గుడ్డ కమల ఆకుపచ్చ చీరదని శ్రీహరిరావు గారికి తెలుసు. అది చిరిగిపోతే ఏం చేశావని ఆయన ఎప్పుడూ అడగలేదు.

"మా ఆవిడ," అన్నారు.

వాహెద్ భాయ్ ఆ మెత్తని తుడిచి ఆయన చేతిలో పెట్టాడు. బయట ఎవరో ఆటో హారన్ కొట్టి కొట్టి వదిలేశారు.

పెళ్లయిన కొత్తలో జరిగిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. ఇద్దరూ బూట్లు కొనడానికి వెళితే, దుకాణంలో మనిషి ఆయన పాదం చూసి, ఈ కాలికి బూటు కాదు సార్, బూటు వచ్చిన డబ్బా కావాలి అని పదిమందీ వినేలా నవ్వాడు. చిన్నప్పుడు ఊళ్లో పిల్లలు బాతు కాళ్లని ఏడిపించిన మనిషి ఆయన. మారు మాట్లాడకుండా లేచి వచ్చేశారు. నెల రోజులు కాలేజీకి చెప్పులతోనే వెళ్లారు. కమల ఏమీ అనలేదు. నెల తరవాత తనే తొమ్మిదో నంబరు జత తెచ్చి, రెండు రోజులు ఇంట్లో ఉంచాలి అంది. అదే మొదలు. పైన పాలిష్ చేసుకోవడమే తప్ప, ఏనాడూ ఆయన బూటు లోపల చెయ్యి పెట్టి చూడలేదు.

"నాతో చెప్పి ఉండొచ్చు," అన్నారు చివరికి, ఆ మెత్తని అరచేతిలో పెట్టుకుని.

"చెప్తే ఏమైతుండె సార్?" అన్నాడు రామ్‌చందర్ నెమ్మదిగా. "నడిచినప్పుడల్ల కాళ్లే యాదికొస్తుండె మీకు. అమ్మ చెప్పలే గాబట్టి ఇన్నేండ్లు సుకూన్‌గ, నిమ్మళంగ చార్మినార్ ముచ్చట చెప్పిన్రు."

వాహెద్ భాయ్ గోడ మీంచి ఒక ఫర్మా తీసి, దాని పక్కలకి తోలు ముక్కలు అంటించి వెడల్పు చేస్తూ, పది రోజుల తరవాత రమ్మన్నాడు.

పది రోజులన్నది మూడున్నర వారాలు పట్టింది. శుక్రవారం సాయంత్రం, నడకకి తొడుక్కునే మేజోళ్లతోనే రమ్మని కబురొచ్చింది. నల్లతోలు బూట్లు, ముందు భాగం గుండ్రంగా, వెడల్పుగా ఉన్నాయి. చూడ్డానికి సొగసైనవేం కాదు. కాలు పెట్టి లేచి నిలబడ్డారు. వాహెద్ భాయ్ బొటనవేలు ముందు నొక్కి చూశాడు, ఒక వేలంత జాగా. పక్కల నొక్కాడు. మడమ దగ్గర పట్టి లాగాడు. స్తంభం దాకా నడిపించాడు. వెనక్కి వచ్చేటప్పుడు శ్రీహరిరావు గారు ఒక విడ్డూరం గమనించారు. కాళ్లు ఉన్న సంగతే తెలియడం లేదు.

"బస్, ఇట్లనే ఏస్కోని పోండ్రి ఇంటికి," అన్నాడు వాహెద్ భాయ్.

"లేదండీ. రెండు రోజులు ఇంట్లో ఉంచుతాను."

వాహెద్ భాయ్ ఏదో అనబోతే రామ్‌చందర్ ఆయన మోకాలు నొక్కాడు.

శుక్ర, శనివారాలు ఆ బూట్లు కుట్టు మిషను కింద ఉన్నాయి. పాత మెత్తలు మిషను సొరుగులో, దారపు కండెల పక్కన పెట్టారు.

ఆదివారం పొద్దున లైబ్రరీ మెట్ల దగ్గర ఇరవై ఇద్దరు వచ్చారు. నయాపూల్ మీద శ్రీహరిరావు గారు మూసీ కథ చెప్పారు, ఆగకుండా ముందుకి నడిచారు. పత్తర్‌గట్టీ కమానుల కింద పావురాల గురించి ఎవరో అడిగితే జవాబు చెప్పారు. చార్మినార్ కనిపించాక గానీ ఆయనకి తట్టలేదు, నయాపూల్ దాటిన తరవాత ఒక్కసారి కూడా మడమలు గుర్తు రాలేదని.

అక్కడ నిలబడి అందరూ ఇరానీ చాయ్ తాగాక, ఆయన రామ్‌చందర్‌ని పక్కకి పిలిచారు.

"ఇక్కణ్ణుంచి మీరు ముందు నడవండి. నేను వెనక వస్తాను."

"నేనా? అయ్యో సార్, రాజుల పేర్లు, తారీఖులు గిట్ల నాకేం వస్తయ్?"

"మీ నాన్నగారు ఈ గల్లీల్లో ఏ ఇంట్లో పాలు పోసేవారో చెప్పండి. అది నాకు రాదు."

రామ్‌చందర్ మీసం దువ్వుకుని ముందుకెళ్లాడు. "ఇగో, అందరు జర దగ్గరికి రాండ్రి. ఈ గల్లీల ఒక బేగం సాబ్ ఉండె. పాలల్ల నీళ్లు కలిసినయా అని మా నాయినను రోజు ఖసమ్ తినిపిస్తుండె, ఒట్టు పెట్టిస్తుండె..." అని మొదలుపెట్టేసరికి జనం నవ్వుతూ ఆయన వెంట కదిలారు.

శ్రీహరిరావు గారు చివరికొచ్చారు. ఇన్నేళ్లలో ఆయన ఎన్నడూ నడవని చోటు అది. అక్కణ్ణుంచి మొహాలు కనపడవు. ఇరవై రెండు జతల కాళ్లు కనపడతాయి. ఒకరి లేసు ఊడింది. ఒకరు కుడికాలు కొంచెం ఈడుస్తున్నారు. ఒకరి మడమ అడుగడుక్కీ బూటులోంచి పైకి లేస్తోంది. ఎంత సేపు చూస్తే అంత తెలుస్తోంది.

అందరికన్నా వెనక నడుస్తున్నావిడ పేరు యశోద. నర్సుగా పనిచేసి మొన్ననే రిటైరయ్యానని పొద్దున చెప్పింది. కొత్త చెప్పులు వేసుకుంది. పాదం అంచుల మీద బరువు వేసి జాగ్రత్తగా అడుగులేస్తోంది. చిటికెన వేలు పట్టీలోంచి బయటికి వేలాడుతోంది.

ఆయన అడుగు తగ్గించి ఆమె పక్కకి వచ్చారు.

"యశోద గారూ, ఏమీ అనుకోకండి. ఆ చెప్పుల నంబరెంత?"

"ఆరు సార్. అయిదు పట్టలే, దుకాణపాయన ఆరు ఇచ్చిండు. కొత్తయి గద, రెండు దినాలైతే అవే కుదుర్తయన్నడు." ఆమె మొహమాటంగా నవ్వింది. "కుదుర్తయా సార్?"

శ్రీహరిరావు గారు ఆమె చెప్పుల వంక ఇంకోసారి చూశారు. ముందు రామ్‌చందర్ గొంతు, దాని వెనక జనం నవ్వు గల్లీలో దూరమవుతున్నాయి.

"తొందరేం లేదు, నెమ్మదిగా నడుద్దాం," అన్నారు ఆయన. "సాయంత్రం మీకు తీరికేనా? ఇక్కడ అఫ్జల్‌గంజ్ వెనక గల్లీలో ఒకాయన ఉన్నారు. పొద్దున వెళితే మాత్రం కాలు ముట్టుకోరు."