పదిహేను ఆదివారాల పిస్తోలు

ఆర్కన్సా కొండల్లో ఎల్డన్ క్రాబ్‌ట్రీ కంటే వేగంగా పిస్తోలు తీసేవాడు పుట్టలేదు, ఇక పుట్టబోడు కూడా. నమ్మకపోతే మా బాప్టిస్టు చర్చిలో ఎవరినైనా అడగండి. మొన్న జనవరిలో ఓ ఆదివారం, ప్రార్థన నడుస్తుండగా తలుపు తోసుకుని ఓ కొత్త మనిషి వచ్చాడు. ఒళ్లంతా తడి, చంకలో గోనెపట్టా చుట్టిన బారెడు మూట. వెనక బెంచీలో కాపలా కూర్చున్న ఎల్డన్ లేచి, కోటు పక్కకి తప్పించి నడుం మీద చెయ్యి వేశాడు. తీయనే లేదు, వేశాడంతే. ఆ మనిషి నిలుచున్నచోటే కొయ్యబారిపోయాడు. పాపం, ట్రక్కు బురదలో దిగబడితే సాయం అడగడానికి వచ్చాడని తర్వాత తెలిసింది. అయితేనేం, ఎల్డన్ డెబ్బై నాలుగేళ్ల నడుం ఆ రోజు నుంచి నిటారైంది.

మా చర్చిలో వెనక బెంచీ అంటే మాటలు కాదు. పిస్తోలు పెట్టుకుని అందరినీ కాచే నలుగురికే ఆ చోటు. అలాంటిది, ఈస్టర్ లోపల కాపలావాళ్లందరికీ పరీక్ష పెడతానన్నాడు పాస్టర్ లూథర్. ఇరవై అడుగుల దూరంలో కాగితం పళ్లెం. పది గుళ్లలో ఎనిమిది దానికి తగలాలి. తగిలించలేనివాడు లేచి ముందు బెంచీలకి పోవాలి. ఆ మాట వినగానే ఎల్డన్ గుండెల్లో రాయి పడింది. పిస్తోలు కొనమీద గురిచూసే ముక్క అతని కళ్లకి రెండేళ్లుగా దూదిపింజలాగే కనబడుతోంది మరి.

అందుకే మార్చిలో ఓ శనివారం భార్య వాండాని వెంటబెట్టుకుని డార్విన్ తుపాకుల కొట్టుకి వెళ్లాడు. డార్విన్ గాజుబల్ల మీద రబ్బరు పట్టా పరిచి, దానిమీద ఓ పిస్తోలు పెట్టాడు. ఎల్డన్ తండ్రి సైన్యంలో మోసిన పాతకాలపు పిస్తోలు రూపమే. కానీ పిడి వెడల్పు, ఒళ్లు తేలిక, లోపల పద్దెనిమిది గుళ్లు, పైన వేలెడంత గాజు కిటికీ. ఎల్డన్ చీటీ తిప్పి ధర చూశాడు. మూడు వేల నాలుగు వందల డాలర్లు. మళ్లీ చూశాడు. గోడమీది దుప్పి తలతో కలిపా అని అడిగాడు.

"దుప్పిని అమ్మను పెద్దాయనా, అది మా మామగారిది" అన్నాడు డార్విన్.

వాండా కూడా చీటీ చూసింది. ఇంటి కప్పు మూడుచోట్ల కురుస్తోంది, వంటింట్లో బకెట్లు పెట్టీ పెట్టీ ఆమె నడుం పడిపోయింది, కప్పుకని దాచిన డబ్బే వాళ్ల దగ్గరున్నది. "కొనుక్కో. వానొచ్చినప్పుడు మబ్బుల్ని కాల్చి ఆపుదువుగాని" అంది.

ఎల్డన్ పిస్తోలు ఎత్తి, గాజు కిటికీలోంచి ఎదురుగోడ మీది గడియారాన్ని చూశాడు. ఎర్రటి చుక్క, దాని వెనక ఏడో అంకె, రెండూ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. రెండేళ్ల తర్వాత తన కళ్లు తనకి తిరిగొచ్చినట్టయింది. కాల్చే మీట కూడా ఊపిరి తగిలితే కదిలేటట్టుంది. డార్విన్ మంచివాడు, లోపాలూ దాచలేదు. చుక్కకి బ్యాటరీ ఉంటుంది, ఏడాదికోసారి మార్చాలి. తోలు ఒర వేరే కొనాలి. ఇంత సున్నితమైన మీట పరధ్యానాన్ని క్షమించదు. పాత పిస్తోలు ఇస్తే ఎనిమిది వందలు తగ్గిస్తానన్నాడు.

కప్పు ఇంకో వానాకాలం ఆగలేదా అన్నట్టు ఎల్డన్ భార్య ముఖంలోకి చూశాడు. ఆమె పైకప్పుకేసి చూసింది. అది ఒప్పుకోవడమే అనుకున్నాడు.

కొట్టు పద్ధతి ప్రకారం బేరం పెట్టే తుపాకిని ముందు ఖాళీ చెయ్యాలి. ఎల్డన్ ఒరలోంచి పాతది తీసి, మూలనున్న ఇసుక డబ్బాకేసి పట్టి, పిడిలోంచి తూటాల మ్యాగజైన్ లాగాడు. పైభాగం వెనక్కి గుంజాడు. లోపలున్న తూటా ఎగిరి గాజుబల్ల మీద పడింది. ఇత్తడి మోత రాలేదు. టక్కుమంది. అది ఎర్రటి ప్లాస్టిక్.

ఎల్డన్ మ్యాగజైన్లో ఉన్నవాటిని బొటనవేలితో తోశాడు. ఇంకో ఏడు ఎర్రవి రాలాయి. అవి పేలని తూటాలు. సాయంత్రాల్లో ఎల్డన్ వాటినే పిస్తోల్లో పెట్టుకుని, టీవీలో వాతావరణం చెప్పేవాడికి గురిపెట్టి సాధన చేసేవాడు. అయ్యాక అసలు మ్యాగజైన్ మార్చుకునేవాడు. నవంబరు చివర టర్కీ కోడి పండగనాడు బొటనవేలు వాచి సాధన మానేశాడు. ఆ సాయంత్రం మార్చడం మరిచిపోయాడు.

వాండా వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "పదిహేను ఆదివారాలు" అంది మెల్లగా. "జనవరిది కూడా అందులోదే."

ఎల్డన్ స్టూలు మీద కూలబడ్డాడు. వందమంది కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు, తనున్నాడనే ధైర్యంతో. వచ్చినవాడు నిజంగా చెడ్డవాడైతే? ఆ ఆలోచన దాటి అతని బుర్ర ముందుకి కదల్లేదు. డార్విన్ కొత్త పిస్తోలు అతని వైపు జరపబోయి ఆగాడు.

"తీసి లోపల పెట్టు నాయనా. పాతదాంట్లో ఎనిమిదే మరిచిపోయాను. దీంట్లో పద్దెనిమిది మరిచిపోవచ్చు" అన్నాడు ఎల్డన్.

మర్నాడు సాక్ష్యాలు చెప్పుకునే వేళ అతను వెనక బెంచీలోంచి లేచి, ఎనిమిది ఎర్ర తూటాలూ పాస్టర్ బల్లమీద వరసగా నిలబెట్టి, అవేమిటో చెప్పాడు. పియానో వాయించే ఓపల్ పిన్ని, "ఆ కుర్రాడి ట్రక్కు లాగి బయటపడేసింది కూడా నువ్వే కదరా" అంది. ఎల్డన్ వెళ్లి ముందు బెంచీలో, వాండా పక్కన కూర్చున్నాడు. పరీక్ష దాకా ఆగలేదు. ఏప్రిల్లో కప్పు వేయించారు.

ఇక నా సంగతి. వేగంగా తీసేవాడు పుట్టలేదన్నానా, ఎల్డన్ ఎవరిమీదైనా పిస్తోలు తీయడం నేనే కాదు, ఎవరూ చూడలేదు. అయినా అది అబద్ధం కాదు, అభిమానం. అబద్ధం ఒక్కటే: గోనెపట్టా చుట్టిన బారెడు మూట. ఆ కుర్రాడి చేతిలో ఉన్నది విరిగిన గొడుగు.