పొదల్లో తొమ్మిదో గొంతు

ఫారెస్టు గార్డు ఖెమైస్ తుపాకీ మడమతో ఒక్కటిచ్చేసరికి డ్రైవరు నోట్లోంచి రెండు పళ్లు ఊడి, జీపు చక్రం పక్కన బురదలో పడ్డాయి. ముందు కర్ర ఎత్తింది డ్రైవరే. వాకీటాకీల పెట్టె మీద ఖెమైస్ చెయ్యి పడగానే వాడికి పూనకం వచ్చింది. కర్ర దెబ్బకి ఖెమైస్ భుజం మండిపోతోంది గానీ, పెట్టెని మాత్రం చంకలోంచి జారనివ్వలేదు.

"రూలంటే రూలే, సీ షాద్లీ," అన్నాడు రొప్పుతూ. "వేటలో వాకీటాకీలు వాడకూడదు. మీ పర్మిట్ వెనకాలే అచ్చేసి ఉంది. చదువుకోలేదా?"

షాద్లీ ఆ కొండల్లో వేటలు నడిపించే ఆసామి. పేరుకి ముందు మర్యాదగా ‘సీ’ తగిలించకపోతే ఆయనకి చెవులు వినపడవు. ఆ ఊళ్లో పంది మాంసం ఎవరూ ముట్టరు గానీ, దాన్ని చంపడానికి సముద్రం దాటి వచ్చేవాళ్లకి కొదవ లేదు. ఆ ఆదివారం ఐదుగురు వచ్చారు. పళ్లు రాలిన డ్రైవర్ని చూసి, ఇదీ వేటలో భాగమే కాబోలనుకున్నట్టు తలలూపుతున్నారు.

ఖెమైస్ పెట్టె తెరిచాడు. లోపల తొమ్మిది అరలున్నాయి. వాకీటాకీలు ఎనిమిదే ఉన్నాయి.

"తొమ్మిదోది ఏది?"

"పాడైంది. టౌన్లో బాగుచేయడానికిచ్చా. నమ్మకపోతే నా ప్యాంటు కూడా విప్పి చూసుకో," అన్నాడు షాద్లీ.

చుట్టూ ఉన్న, పందుల్ని తోలే కూలీలు గొల్లున నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు మొన్జీ, ఖెమైస్ తమ్ముడు. "విప్పకండి సీ షాద్లీ, నిజంగానే చూస్తాడు. టోపీ నెత్తిన పడితే మా వదిన్ని కూడా పర్మిట్ అడిగే రకం," అన్నాడు.

వేట అక్కడే ఆపేయాల్సింది. ఊళ్లో సగం పొయ్యిలు ఈ ఆదివారాల మీదే వెలుగుతాయి, అందరి నోళ్లలో పడటం ఎందుకని ఖెమైస్ పెట్టెని సంచిలో పడేసుకుని ఊరుకున్నాడు. ఇలాంటి మంచితనాన్ని చెప్పుతో కొట్టాలి.

లోయ నిండా మనిషెత్తు ముళ్లపొదలు. రాత్రంతా కురిసిన వానకి నీళ్లోడుతున్నాయి. కింది నుంచి తొమ్మిది మంది కుక్కలతో పందిని తోలుకుంటూ పైకి రావాలి, పై గట్టున ఐదు తుపాకులు కాచుకుని ఉంటాయి. పొదల్లో ఉన్న మనిషి ఊపిరి తీసుకోవడానికి తప్ప అరుపు ఆపకూడదు. తాతల నాటి నుంచి అదే పద్ధతి. అరిచేది మనిషి, అరవకుండా కదిలేది పంది. గట్టు మీది తుపాకీకి తెలిసిన తేడా అంతే.

వాకీటాకీలు వచ్చి ఆ తేడాని చెరిపేశాయి. చేతిలో ఆ డబ్బా ఉన్నవాడు అరవడు. పిల్లిలా నక్కి నక్కి పోయి, పంది ఎక్కడుందో గుసగుసగా చెప్తాడు. రెండేళ్ల కిందట జిలానీ అనే తోలేవాడు అలా చెప్తూ చెప్తూనే మెడలో గుండు తిన్నాడు. తల ఓ పక్కకి వేలాడుతున్న ఆ శవాన్ని మోసుకొచ్చింది ఖెమైసే. ఆ తర్వాతే రూలు పుట్టింది.

షాద్లీ బాకా ఊదాడు. కింద అరుపులు మొదలయ్యాయి. ఒకడు అత్తగారిని తిడతాడు, ఒకడు తప్పిపోయిన గాడిదని పిలుస్తాడు, ఒకడు పెళ్లిపాట అందుకుంటాడు. మొన్జీ ఎప్పుడూ అన్ననే తిడతాడు, "గార్డూ, నీ టోపీ పందికి పెట్టాన్రా" అని లోయ దద్దరిల్లేలా. ఆ తిట్టు చెవిన పడితే ఖెమైస్ గుండె కుదుటపడేది.

గట్టు మీద నిలబడి గొంతులు లెక్కపెట్టాడు. ఎనిమిది వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టాడు. తిట్టేవాడు లేడు.

తొమ్మిదో డబ్బా ఎవరి చేతిలో ఉందో అప్పుడు అర్థమైంది. పరుగున వెళ్లి షాద్లీ కోటు పట్టుకున్నాడు.

"బాకా ఊదండి. వేట ఆపండి."

"ఎందుకూ?"

"మొన్జీ గొంతు లేదు. మీ డబ్బా వాడి దగ్గరే ఉంది, నోరు మూసుకుని పొదల్లో తిరుగుతున్నాడు. వీళ్లు కాల్చేస్తారు."

షాద్లీ చూపు తప్పించాడు. "చలికి గొంతు పట్టేసి ఉంటుందిలే. నీ తమ్ముడికేం కాదు, నా మాట విను."

ఆ మాట నోట్లో ఉండగానే కుడి పక్క తుపాకీ పేలింది. పంది కీచుమంది. నల్లటి మగపంది, దవడ సగం వేలాడుతూ, గట్టు దాకా వచ్చి వెనక్కి తిరిగి పొదల్లో పడింది. దాని వెంట కుక్కలు దూకాయి. దెబ్బ తిన్న పంది, నోరు విప్పని మనిషి ఒకే పొదల్లో ఉంటే ఏమవుతుందో ఖెమైస్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు.

"నేను మనిషిని, మనిషిని," అని అరుస్తూ లోయలోకి దిగాడు. ఆ భాష రాని అతిథి ఒకడు కాల్చనే కాల్చాడు. తల మీది కొమ్మ విరిగి వీపు మీద పడింది. అయినా అరుస్తూనే పోయాడు. ముళ్లు మొహం చీరేస్తున్నాయి, కంట్లోకి రక్తం కారుతోంది. దారిలో ఒక ఆడకుక్క పొట్ట చీలి పడి ఉంది, బయటికొచ్చిన పేగుల్ని తానే నాకుతోంది. కొంచెం ముందు ఇంకోటి, దానికి తల ఏదో మెడ ఏదో తెలియడం లేదు.

సంచిలోంచి ఒక వాకీటాకీ తీశాడు. వాడొద్దని పొద్దున ఒకడి పళ్లు రాలగొట్టినవాడే మీట నొక్కాడు.

"ఒరేయ్ మొన్జీ, ఎక్కడున్నా గట్టిగా అరవరా. కేసు రాయను, ఎవరికీ చెప్పను. అమ్మ మీద ఒట్టు. అరవరా నాయనా."

గరగర చప్పుడు వచ్చింది. టిక్కుమని ఆగిపోయింది. అవతల ఎవరో విని, కట్టేశారు. అంటే వాడు బతికే ఉన్నాడు, ఈ పొదల్లోనే ఉన్నాడు, తను పట్టుకుంటానని దాక్కుంటున్నాడు.

వినడానికని ఖెమైస్ తన అరుపు ఆపాడు.

పదడుగుల దూరంలో ఆకులు కదిలాయి. కుక్క కాదు. బరువైనదేదో మెల్లగా, చప్పుడు కాకుండా వస్తోంది. తుపాకీ భుజానికెత్తాడు. రెండు గొట్టాల్లోనూ తూటాలున్నాయి.

"మొన్జీ?"

కదలిక ఆగింది. పిలిస్తే మనిషి ఆగినట్టే ఆగింది. మాట వినపడితే పందీ ఆగుతుంది, ముప్ఫై ఏళ్లుగా తెలిసిన సంగతే. అరవనిది పంది. కాల్చు అంటోంది వేలు. జిలానీ మీద తూటా పేల్చినవాడూ ఇలాగే అనుకున్నాడు.

మళ్లీ కదిలింది. ఖెమైస్ గొట్టాన్ని కిందికి దించేశాడు.

పొద చీల్చుకుని పంది వచ్చింది. ఖెమైస్ మోకాలి కింద కోర దిగి తొడ దాకా చీల్చుకుపోయింది. తుపాకీ ఎగిరి ముళ్లలో పడింది. వెల్లకిలా పడ్డవాడి మీదికెక్కి, విరిగిన దవడతోనే పొడుస్తోంది. వేడి నురుగు, రక్తం అతని నోట్లో పడ్డాయి. రెండో పోటు కాలి ఎముకకి తగిలి టప్‌మంది. మొలలోని కత్తి ఎలా చేతికొచ్చిందో తెలియదు. ముందుకాలి వెనకాల పొడిచాడు, దిగలేదు. మళ్లీ పొడిచాడు, పిడి దాకా దిగింది. తిప్పాడు. పంది వాంతి చేసుకున్నట్టు రక్తం కక్కుతూ, అతని కాళ్ల మీదే పడి, చాలాసేపు తన్నుకుని చచ్చింది.

పై నుంచి, పొదలు లేని రాతివాలు మీదుగా అరుస్తూ పరిగెత్తుకొచ్చినవాడు మొన్జీ. పందిని లాగి పక్కకి తోశాడు, బెల్టు ఊడదీసి తొడకి బిగించాడు. ఆ చేతుల వైపు ఖెమైస్ చూశాడు. ఒక్క ముల్లు గీత లేదు. చొక్కా పొడిగా ఉంది. పొదల్లో అడుగైనా పెట్టని చొక్కా అది. మెడలో తొమ్మిదో డబ్బా వేలాడుతోంది.

"ఎక్కడున్నావురా?"

"పైన, కొండరాతి మీద. పంది ఎటు పోతే అటు జీపులోని రేడియోకి చెప్పమన్నాడు సీ షాద్లీ."

ఖెమైస్ ఉన్న బలమంతా కూడదీసుకుని తమ్ముడి మూతి మీద గుద్దాడు. పెదవి చిట్లింది. మొన్జీ తుడుచుకోలేదు. అన్నని వీపు మీదికెత్తుకుని, ముళ్లలోంచి తుపాకీ లాక్కుని, ఎక్కడం మొదలుపెట్టాడు. వెనకాల బురద మీద రక్తం చారలా పడుతోంది.

"డబ్బాలో నా గొంతు వినపడలేదా?" అన్నాడు ఖెమైస్.

"వినపడింది. తొమ్మిదోది ఎవరి దగ్గరుందో పట్టుకోడానికి వల వేస్తున్నావనుకున్నా. అందుకే కట్టేశా." మొన్జీ ఏడుస్తున్నాడు. నడుస్తూనే ఒంటిచేత్తో తుపాకీ గొట్టాల్ని మడిచి లోపల చూశాడు. "రెండు తూటాలూ ఇందులోనే ఉన్నాయన్నా. అది నీ ఎదురుగానే ఉందిగా. ఎందుకు కాల్చలేదు?"

"చప్పుడు లేకుండా వచ్చింది," అన్నాడు ఖెమైస్. "నువ్వనుకున్నాను."

మొన్జీ నాలుగడుగులు వేసి బురదలో మోకాళ్ల మీద కూలబడ్డాడు. అన్నని మాత్రం కింద పెట్టలేదు.