తప్పు నేలది

"మళ్ళీ మొదట్నుంచి చెప్పండి," అంది నా భార్య గిన్నెలు తోముతూనే. అది పదకొండోసారి. వడ్రంగం గురించి అయిదు నిమిషాల ప్రసంగం, ఈ దేశపు భాషలో, పొల్లుపోకుండా కంఠతా వచ్చేసింది. మధ్యలో ఎవరైనా ఆపితే మాత్రం మళ్ళీ మొదటికి పోవాల్సిందే. అదే నా భయం. ఈ పరీక్ష గట్టెక్కితే వర్క్‌షాపులో మేస్త్రీని అవుతాను. లేదంటే ఉప్పుకాగితంతో చెక్కలు రుద్దుకుంటూ కూర్చోవాలి.

భాష నేర్పే క్లాసులో నా వంతు వచ్చింది. ప్రసంగం రాసుకున్న కాగితం చూడకూడదని పంతులమ్మ ముందే హెచ్చరించింది. అయినా నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాను. ముందున్న బల్ల మీద చెయ్యి వేశానో లేదో, టక్కున ఒరిగింది. నోరు తెరిస్తే మళ్ళీ టక్కు. మూడో వాక్యం దగ్గర అంతా గాలికి పోయింది. ముప్ఫై ఏళ్ళు చెక్కతో బతికినవాణ్ణి, ఊగే బల్ల ముందు నిలబడి వడ్రంగం గురించి చెప్పాలట! ఒళ్ళు మండింది.

"ఇద్దరు లేవండి. బల్ల తిప్పాలి," అన్నాను, ఆ భాషలోనే.

ముందు వరసలో, నాతోపాటు చదివే నర్సూ, బస్సు డ్రైవరూ లేచి తిప్పారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని వేలు పెట్టి చూపించాను.

"ఇందాక ఈ కాలు గాల్లో. తిప్పాం. ఇప్పుడు ఆ కాలు గాల్లో. చోటు అదే. తప్పు కాలుది కాదు, నేలది."

"మిగతా మూడు కాళ్ళూ కాస్త కోసేస్తే సరిపోదా?" అడిగింది నర్సు.

"అయ్యో, వద్దు! మంచి బల్ల. కోస్తే పక్క గదిలో ఊగుతుంది."

అందరూ నవ్వారు. డ్రైవరు ఇంకేదో అడిగాడు, చెప్పాను. క్రియలు ఎటు పోయాయో నాకే తెలియదు. చివరికి జేబులోని కాగితం తీసి ఆ కాలు కింద దోపాను. "ఇది ఈ రోజుకే. రేపు చెక్కముక్క తెస్తా."

పంతులమ్మ బల్ల మీద మోచెయ్యి ఆనించింది. కదల్లేదు. "అయిదు నిమిషాలిస్తే తొమ్మిది మాట్లాడారు," అంటూ ఏదో రాసుకుంది.

"పాసయ్యారు," అంది.

ఇంటికి రాగానే నా భార్య చెయ్యి చాపింది. "ఆ కాగితం ఇలా ఇవ్వండి. ఎక్కడ తడబడ్డారో చూద్దాం."

"రెండు వాక్యాలే చెప్పానే. మిగతాది బల్ల కింద ఉంది."